మారిన పాఠం ఎందుకు మారిందో కూడా పుస్తకంలో ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాల తరగతులకు విజ్ఞానశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. కొద్ది రోజుల కిందట మా మనవరాలు పరీక్షకు చదువుకుంటూ, గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం అని తనలో తాను అప్పజెప్పుకుంటుంటే విన్నాను. "చివరిది 0.03 అమ్మా, సరిగా చూడు" అన్నాను. పుస్తకంలో 0.04 అనే ఉందని తెచ్చి చూపించింది. అచ్చుతప్పు అయ్యుంటుందని చెప్పి దిద్దుకోమన్నాను. నేను చదువుకున్నప్పుడు 0.03, పాఠం చెప్పినన్నాళ్లూ 0.03, వందల జవాబు పత్రాల్లో ఆ అంకెకే మార్కు వేశాను కాబట్టి నాకు అనుమానమే కలగలేదు. తాతయ్య చెప్పాడు కదా అని ఆమె దిద్దుకుంది కూడా. ఆ రాత్రి ఎందుకో మనసు ఒప్పక వెతికి చూస్తే పుస్తకమే సరైనదనీ, పొరపాటు నాదనీ తేలింది. మర్నాడు పొద్దున్నే ఆమెకు ఆ సంగతి చెప్పి మళ్లీ దిద్దించాను.

ఈ ఉత్తరం రాయడానికి ఆ పొరపాటు ఒక్కటే కారణం కాదు. పాత అంకె పోయి కొత్త అంకె వచ్చిన ఆ పేజీలో, అంకె మారిందన్న సంగతి గానీ, ఏ సంవత్సరం కొలిస్తే ఎంత తేలిందన్న వివరం గానీ ఒక్క ముక్క లేదు. చదివే పిల్లకు గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎప్పటినుంచో 0.04 శాతమే ఉన్నట్టు అనిపిస్తుంది, నా తరం వాళ్లకు ఎప్పటికీ 0.03 శాతమే ఉంటుందని అనిపించినట్టే. ఆమె ఒక అంకెను, నేను ఒక అంకెను కంఠస్థం చేశామే తప్ప, ఆ రెండు అంకెల నడుమ ఏం జరిగిందో ఇద్దరిలో ఎవరికీ పాఠ్యపుస్తకం చెప్పలేదు. పిల్లలు తెలుసుకోవలసినది ముఖ్యంగా అదే.

1958లో ఛార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయి దీవుల్లోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద, సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున, నగరాల పొగకు దూరంగా, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను విడవకుండా కొలవడం ప్రారంభించారు. అప్పట్లో పది లక్షల పాళ్ల గాలిలో అది దాదాపు 315 పాళ్లు ఉండేది. కొలతలు మొదలైన కొద్ది ఏళ్లకే రెండు సంగతులు స్పష్టమయ్యాయి. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగిర్చి ఏపుగా పెరిగే నెలల్లో ఆ వాయువు కొంత తగ్గుతుంది, ఆకులు రాలి కుళ్లే నెలల్లో మళ్లీ పెరుగుతుంది. భూమి మీది పచ్చదనమంతా కలిసి ఏడాదికి ఒకసారి ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఆ రేఖాపటంలో గీత కిందికీ పైకీ కదులుతూ ఉంటుంది. అయితే ఆ కదలికతో పాటే గీత మొత్తంగా ఏటేటా పైకి జరుగుతోందన్నది రెండో సంగతి. కీలింగ్ 2005లో కన్నుమూసిన తర్వాత కూడా ఆ కొలతలు ఆగలేదు. 2013 మే నెలలో అక్కడి రోజువారీ సగటు తొలిసారి 400 దాటింది. ఇప్పుడు ఏడాది సగటే 420కి పైన ఉంది. పరిశ్రమల యుగానికి ముందు అది దాదాపు 280 పాళ్లేనని ధ్రువ ప్రాంతాల మంచు పొరల్లో చిక్కుకుపోయిన పాతకాలపు గాలి బుడగలను పరీక్షించి తెలుసుకున్నారు.

ఇంత కథను రెండు దశాంశ స్థానాలకు కుదిస్తే ఒకప్పుడు 0.03, ఇప్పుడు 0.04 మిగులుతాయి. పిల్లలు చూస్తే వాటి మధ్య తేడా 0.01, ఏమంత లెక్కలోది కాదనిపిస్తుంది. కానీ 315 నుంచి 420కి పెరగడమంటే ఒక మనిషి జీవితకాలంలో మూడింట ఒక వంతు పెరగడం. పుస్తకంలో గాలి గురించి ఉన్న ఆ ఒక్క వాక్యం కింద నాలుగు సంవత్సరాలూ, వాటి ఎదుట నాలుగు కొలతలూ వేసి ఉంటే, శాతాలు ఎందుకు నేర్చుకుంటున్నామో, రేఖాపటం ఎలా చదవాలో, కిరణజన్య సంయోగక్రియ ఒక ఆకులోనే కాకుండా భూగోళం మీద ఎలా కనిపిస్తుందో ఒక్క పీరియడులో చెప్పవచ్చు. ఉపాధ్యాయుడిగా నాకు అలాంటి పేజీ ఒకటి దొరికి ఉంటే ఎంత బాగుండేదోనని ఇప్పుడు అనిపిస్తోంది. పాఠ్యపుస్తక రచయితలు తప్పు చేశారని నేను అనడం లేదు, వారు అంకెను సరిదిద్దారు. చప్పుడు లేకుండా సరిదిద్దారన్నదే నా బాధ.

పాఠాలు పాతబడటమంటే అన్నీ ఒకే తీరున పాతబడవు. గాలి విషయంలో లోకమే మారింది కాబట్టి పాఠం మారింది. కొన్ని చోట్ల లోకం ఎప్పటిలాగే ఉంది, మన పాఠమే మొదటి నుంచీ తప్పు. అటువంటిదొకటి నా చేతి మీదుగా ఎన్నో తరగతుల పిల్లలకు వెళ్లింది. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నాలుక బొమ్మను ప్రతి ఏడూ నల్లబల్ల మీద గీసి, కొన తీపికి, ముందు అంచులు ఉప్పుకు, వెనక అంచులు పులుపుకు, చిట్టచివరి భాగం చేదుకు అని రంగు సుద్దముక్కలతో నింపేవాణ్ణి. బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్న ప్రశ్న పరీక్షల్లో తరచుగా వచ్చేది. ఒక ఏడు, ఆ పాఠం చెప్పిన మర్నాడు ఒక అమ్మాయి లేచి నిలబడి, తాను ఇంట్లో ఉప్పు, పంచదార, నిమ్మరసం విడివిడిగా నాలుక మీద అన్ని చోట్లా పెట్టుకుని చూశాననీ, ఏ చోట పెట్టినా ఏ రుచి అయినా తెలుస్తోందనీ చెప్పింది. తరగతి నవ్వింది. నేను నవ్వలేదు గానీ, "పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయి" అని చెప్పి కూర్చోబెట్టాను.

ఆ అమ్మాయి చెప్పిందే నిజం. 1901లో జర్మనీకి చెందిన హెనిగ్ అనే పరిశోధకుడు నాలుక అంచుల వెంట కొన్ని చోట్ల కొన్ని రుచులు కాస్త తక్కువ మోతాదులోనే తెలుస్తాయని గమనించాడు. అది చాలా చిన్న తేడా. 1942లో ఎడ్విన్ బోరింగ్ అనే మనోవిజ్ఞాన ఆచార్యుడు తన పుస్తకంలో ఆ ఫలితాలను ఒక రేఖాపటంగా చూపించినప్పుడు, ఆ తేడా ఎంత చిన్నదో తెలియకుండా పోయింది. చూసినవాళ్లు ఒక్కొక్క రుచికి ఒక్కొక్క ప్రాంతం ఉందని అర్థం చేసుకున్నారు. 1974లో మరొక పరిశోధకురాలు మళ్లీ కొలిచి, తేడాలు ఉన్నా లెక్కలోకి రానంత స్వల్పమని చూపించారు. రుచి మొగ్గలు ఉన్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. పైగా తీపి, పులుపు, ఉప్పు, చేదు కాకుండా ఉమామి అనే రుచిని 1908లోనే జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా గుర్తించి పేరు పెట్టాడు. నా బొమ్మలో దానికి చోటే లేదు. ఇదంతా నేను తెలుసుకునేసరికి ఆ అమ్మాయి బడి విడిచి చాలా ఏళ్లయింది.

తర్వాత వచ్చిన పుస్తకాల్లో ఆ బొమ్మ లేదు. అదృశ్యమైంది, అంతే. ఎందుకు తీసేశారో ఉపాధ్యాయులకూ చెప్పలేదు, పిల్లలకూ చెప్పలేదు. కొత్త పుస్తకంలో లేదు కాబట్టి మానేసినవారు కొందరైతే, బాగా అలవాటైన బొమ్మ కాబట్టి పుస్తకంలో లేకపోయినా ఇంకా గీస్తున్నవారు కొందరు. ఆ ఖాళీలో రెండు వాక్యాలు ఉంటే సరిపోయేది. ఈ బొమ్మ చాలాకాలం పుస్తకాల్లో ఉండేది, అది తప్పు, మీ నాలుక మీద మీరే పరీక్షించి చూడండి అని రాసి ఉంటే, ఒక తప్పుడు పాఠం నుంచి అంతకంటే మంచి ప్రయోగం పుట్టేది. తన నాలుక చెప్పినదాన్ని నమ్మాలో, పుస్తకం చెప్పినదాన్ని నమ్మాలో తెలియక ఏ పిల్లా తల దించుకుని కూర్చోవలసిన అవసరం ఉండేది కాదు.

పుస్తకంలో ఉన్నది కళ్లను కూడా ఎంతగా కట్టివేస్తుందో చెప్పడానికి క్రోమోజోముల లెక్కను మించిన ఉదాహరణ నాకు తెలియదు. మనిషి కణంలో 48 క్రోమోజోములు ఉంటాయని 1923లో థియోఫిలస్ పెయింటర్ అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. అప్పటి పద్ధతుల్లో క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడి కనిపించేవి. అతడు కూడా 46, 48 అంకెల మధ్య తటపటాయించి చివరికి 48 దగ్గర ఆగాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ప్రపంచమంతా అదే చదివింది, అదే బోధించింది. సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టినవాళ్లలో కూడా చాలామందికి 48 కనిపించాయి, ఎందుకంటే 48 ఉండాలని వారికి ముందే తెలుసు. 1955 డిసెంబరులో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ జియో అనే పరిశోధకుడు, కణాలను ఉబ్బించి క్రోమోజోములను విడదీసే మెరుగైన పద్ధతిలో చూసి, ఎన్నిసార్లు లెక్కపెట్టినా 46 మాత్రమే ఉన్నాయని గుర్తించాడు. ఆల్బర్ట్ లెవాన్‌తో కలిసి అతడు ఆ ఫలితాన్ని 1956లో ప్రచురించాడు. నేటి పిల్లలు 23 జతలు అని చదువుకుంటారు. ఒక నిమిషం వెచ్చించి ఈ కథ కూడా చెబితే, లెక్కపెట్టడం వంటి మామూలు పనిలోనూ మనిషి తనకు ముందే తెలిసినదాన్ని చూస్తాడు కాబట్టి మళ్లీ మళ్లీ పరీక్షించాలన్న సంగతి వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది. 46 అన్న అంకె మరచిపోతే ఏ పుస్తకంలోనైనా వెతుక్కోవచ్చు.

ప్లూటో సంగతి పాఠకులందరికీ తెలిసినదే. 1930లో కనుగొన్న ప్లూటోను 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సంఘం సమావేశంలో మరుగుజ్జు గ్రహాల జాబితాలో చేర్చారు. తొమ్మిది గ్రహాలని నేర్చుకున్నవారు, ఎనిమిదని నేర్చుకుంటున్నవారు ఒకే ఇంట్లో ఉన్నారు. పెద్దలు చాలామంది దీన్ని ఒక వింతగా, శాస్త్రవేత్తల చాపల్యంగా చెప్పుకోవడం విన్నాను. ఇది మొదటిసారి జరిగింది కాదని తెలిస్తే అలా అనుకోరు. 1801లో సెరిస్‌ను, ఆ తర్వాత 1807 లోపల పల్లాస్, జూనో, వెస్టాలను కనుగొన్నప్పుడు వాటన్నిటినీ గ్రహాలుగానే లెక్కించారు. అప్పటికి నెప్ట్యూన్ ఇంకా దొరకలేదు కాబట్టి ఆ రోజుల్లో పిల్లలు పదకొండు గ్రహాలని చదువుకున్నారు. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య అటువంటివి మరిన్ని దొరుకుతూ వచ్చేసరికి, అవి ఒక గుంపులోని సభ్యులని తెలిసి, వాటికి గ్రహశకలాలని వేరే పేరు నిలిచింది. ప్లూటో విషయంలోనూ అదే జరిగింది. నెప్ట్యూన్‌కు ఆవల అటువంటి వస్తువులు వరసగా దొరికాయి, 2005లో ఇంచుమించు ప్లూటో అంతే ఉన్న ఎరిస్ బయటపడింది. దాన్నీ గ్రహమనాలా, లేక రెండింటినీ వేరే జాబితాలో పెట్టాలా అన్న ప్రశ్న తప్పించుకోలేనిదైంది. ఆకాశంలో ప్లూటోకు ఏమీ కాలేదు. అది ఎప్పటిలా 248 ఏళ్లకు ఒకసారి సూర్యుణ్ణి చుట్టివస్తోంది. మారింది మనం వస్తువులను వర్గాలుగా విడదీసే తీరు. కొత్త వాస్తవం బయటపడి పాఠం మారడం వేరు, పేర్లు పెట్టే పద్ధతి మారి పాఠం మారడం వేరు అన్న తేడాను పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. మనం మాత్రం తొమ్మిది కొట్టేసి ఎనిమిది రాసి ఊరుకున్నాం.

కిలోగ్రాము నిర్వచనమూ ఇటీవల మారినదే. 1889 నుంచి పారిస్ సమీపంలో భద్రపరచిన ఒక ప్లాటినం, ఇరిడియం మిశ్రలోహపు స్తూపమే కిలోగ్రాము అని మేము చదువుకున్నాం. దాని నకళ్లతో పోల్చి చూస్తే వందేళ్లలో మైక్రోగ్రాముల్లో తేడాలు వచ్చాయి. ఏది పెరిగిందో, ఏది తగ్గిందో చెప్పడానికి కూడా దారి లేదు, ఎందుకంటే నిర్వచనం ప్రకారం ఆ స్తూపం ఎప్పుడూ కచ్చితంగా ఒక కిలోగ్రామే. అందుకని 2019 మే 20 నుంచి ప్రకృతిలో ఎక్కడైనా మారని ప్లాంక్ స్థిరాంకం అనే విలువ ఆధారంగా కిలోగ్రామును నిర్వచిస్తున్నారు. పై తరగతుల పిల్లలకు ఇది మంచి చర్చనీయాంశం. చిన్న తరగతుల వారికి అవసరం లేదు.

ఖండాల కథను మాత్రం చిన్న తరగతుల్లోనే చెప్పాలని నా అభిప్రాయం. ప్రపంచ పటం చూసిన ఏ పిల్లవాడైనా దక్షిణ అమెరికా తూర్పు తీరమూ, ఆఫ్రికా పశ్చిమ తీరమూ అతికినట్టు సరిపోతాయని గమనిస్తాడు. ఆల్ఫ్రెడ్ వెజినర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1912లో ఆ ఖండాలు ఒకప్పుడు కలిసే ఉండేవని ప్రతిపాదించాడు. రెండు తీరాల్లోనూ ఒకే రకం శిలలు, ఒకే రకం శిలాజాలు ఉన్నాయని చూపించాడు. అయితే అంతటి ఖండాలను కదిలించే శక్తి ఏమిటన్న ప్రశ్నకు అతని దగ్గర సరైన జవాబు లేదు. భూగర్భ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఆ వాదాన్ని తోసిపుచ్చారు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో అతడు మరణించేనాటికి దాన్ని అంగీకరించినవారు కొద్దిమందే. 1950లలో మేరీ థార్ప్ అనే శాస్త్రవేత్త సముద్రగర్భపు లోతుల కొలతలను పటంగా గీస్తూ, అట్లాంటిక్ నడుమ ఉన్న పర్వతశ్రేణి మధ్యలో పొడవునా ఒక చీలిక ఉందని గుర్తించింది. 1960లలో సముద్రగర్భపు శిలల అయస్కాంత గుర్తులను చదివాక, అక్కడ కొత్త నేల పుడుతూ రెండు వైపులకూ జరుగుతోందని రుజువైంది. ఈ రోజు ఉపగ్రహాల సాయంతో ఖండాల కదలికను ఏడాదికి ఇన్ని సెంటీమీటర్లని కొలుస్తున్నారు. దాదాపు మన గోళ్లు పెరిగే వేగమది. నేటి పుస్తకంలో ఇదంతా 'భూపటలం పలకలుగా విభజితమై ఉంది, అవి కదులుతాయి' అన్న రెండు ముక్కల్లో ఉంటుంది. ఆ రెండు ముక్కలు నిజమే, కానీ వాటిని నమ్మించడానికి యాభై ఏళ్లు ఎందుకు పట్టిందో తెలియకపోతే, రుజువు అంటే ఏమిటో పిల్లలకు ఎప్పుడు తెలుస్తుంది? వెజినర్ చెప్పింది నిజమైనా అప్పట్లో తోసిపుచ్చినవాళ్లంతా మూర్ఖులు కారు. వారు అడిగిన ప్రశ్న న్యాయమైనది. ఆ ప్రశ్నకు జవాబు దొరికాకే పాఠం మారింది.

వాస్తవాలే కాదు, నేర్పే పనులూ పాతబడతాయి. మా తరం సంవర్గమాన (లాగరిథమ్) పట్టికల పుస్తకం పట్టుకుని, పెద్ద పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చి చేసేది. 1614లో జాన్ నేపియర్ ప్రకటించిన ఆ ఉపాయం మూడున్నర శతాబ్దాల పాటు ఖగోళ గణితానికీ, నౌకాయానానికీ, ఇంజనీర్లకూ ఆధారమైంది. 1970లలో చేతిలో పట్టే కాలిక్యులేటర్లు వచ్చాక ఆ పట్టికల అవసరం తీరింది. వాటిని తీసేయడం సబబే, నాకు ఆ విషయంలో విచారం లేదు. అయితే పట్టికతో పాటు ఆ భావన ఎక్కడి నుంచి పుట్టిందన్నది కూడా పోవడం వల్ల, దాని మీదే ఆధారపడిన భూకంప తీవ్రత, ఆమ్లాల గాఢత, ధ్వని తీవ్రత కొలమానాల్లో ఒక్క అంకె మారితే అసలు పరిమాణం ఎన్ని రెట్లు మారుతుందో పిల్లలకు తట్టడం లేదు. పనిముట్టు పాతబడితే దాని వెనక ఉన్న ఆలోచన కూడా పాతబడిందనుకోవడం సరికాదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పాతదైన ప్రతి పాఠాన్నీ తీసేయాలని కూడా నేను అనను. పరమాణు కేంద్రకం చుట్టూ ఎలక్ట్రానులు వలయాల్లో తిరిగే 1913 నాటి బోర్ నమూనాను భౌతిక శాస్త్రం ఎప్పుడో దాటి వెళ్లింది, అయినా పాఠశాలలో దాన్ని ఇంకా చెబుతాం, చెప్పాలి కూడా. హైడ్రోజన్ వర్ణపటంలోని గీతలను అది చక్కగా వివరిస్తుంది, పై మెట్టు ఎక్కడానికి అది కింది మెట్టు. కానీ ఇది మెట్టు అని చెప్పాలి. చెప్పకపోతే, పరమాణువు అచ్చం చిన్న సౌర కుటుంబంలా ఉంటుందన్న బొమ్మ మనసులో ముద్రపడి, పై చదువుల్లో దాన్ని చెరిపేయడానికే ఒక ఏడాది పడుతుంది. జినాన్ వంటి జడవాయువుల విషయంలో నేను ఈ తప్పు చేశాను. అవి దేనితోనూ చర్య జరపవు అని ఏళ్ల తరబడి గట్టిగా చెప్పాను. 1962లోనే రసాయన శాస్త్రవేత్త నీల్ బార్ట్‌లెట్ జినాన్‌తో సమ్మేళనం తయారు చేశాడని తెలిసిన తర్వాత, 'సాధారణంగా' అన్న ఒక్క మాట చేర్చి ఉంటే ఆ వాక్యం అబద్ధమయ్యేది కాదు కదా అనిపించింది.

నా ఆలోచనను పూర్వపు సహోద్యోగులతో పంచుకున్నప్పుడు రెండు అభ్యంతరాలు వినిపించాయి. పిల్లలకు ఒకటి చెప్పి, వెంటనే అది ఒకప్పుడు వేరుగా ఉండేదంటే గందరగోళపడతారన్నది మొదటిది. గందరగోళం ఇప్పటికే ఉంది. మా మనవరాలు ఒక్క రోజు తేడాలో ఒక అంకెను రెండుసార్లు దిద్దుకుంది. ఇంట్లో పెద్దలు ఒకటి, పుస్తకం ఒకటి, పాత గైడు ఒకటి, ఫోనులో చూసింది ఇంకొకటి చెబుతుంటే, వాటిలో ఏది ఎప్పటిదో పోల్చుకునే దారి ఆమెకు ఎవరూ చూపలేదు. సంవత్సరం వేసి ఉంటే ఆ దారి దొరుకుతుంది.

రెండో అభ్యంతరం బరువైనది. శాస్త్రం నిన్న ఒకటి, నేడు ఒకటి చెబుతుందని పిల్లలకు మనమే నేర్పితే, రేపు టీకాల గురించో, భూమి గుండ్రంగా ఉందన్న దాని గురించో ఎవరైనా వచ్చి ఇదీ మారుతుందిలే అంటే నమ్మరా అని ఒక మిత్రుడు అడిగారు. నేను చాలా రోజులు ఆలోచించాను. ఎలా మారిందో తెలియనివాడే ఆ మాటకు లొంగుతాడు. కడుపులో పుండ్లకు మనోవ్యాకులత, కారం కారణమని మేము చదువుకున్నాం. బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు వైద్యులు వాటిలో ఎక్కువ భాగానికి హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి కారణమని చూపారు, మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవుల ద్రావణాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకుని మరీ పరీక్షించుకున్నాడు, 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఒక పాఠాన్ని మార్చడానికి అంత పని చేయాలని తెలిసిన పిల్ల, ఏ రుజువూ లేకుండా పాఠాలన్నీ మారిపోతాయని చెప్పేవాణ్ణి నీ రుజువు ఏదని అడుగుతుంది. పాఠాలన్నీ ఒకే గట్టిదనంతో ఉండవని, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలన అయిందని ప్రకటించడం వెనక ఉన్న టీకా పాఠానికీ, శని చుట్టూ ఉన్న ఉపగ్రహాల సంఖ్యకూ తేడా ఉందని కూడా ఆమెకు తెలియాలి. ఆ ఉపగ్రహాల సంఖ్య 2025 మార్చి నాటికి 274. టెలిస్కోపు మెరుగయ్యే కొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది, దాన్ని కంఠస్థం చేయించడం వృథా.

అసలు చిక్కు పరీక్షల్లో ఉందని నాకు తెలుసు. ఖాళీలను పూరించుము, జతపరచుము అన్న ఒక మార్కు ప్రశ్నలకు ఒకే జవాబు ఉండాలి కాబట్టి, పుస్తకం కూడా ఒకే జవాబు ఇవ్వడానికి మొగ్గు చూపుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత శాతం అని అడిగే బదులు, 1958లో ఇంత, 2013లో ఇంత, ఈ తేడాకు కారణం ఏమిటి అని అడిగితే, కంఠస్థం చేసినవారికీ అర్థం చేసుకున్నవారికీ తేడా మూల్యాంకనం చేసేవారికి వెంటనే తెలుస్తుంది. అటువంటి ప్రశ్నకు జవాబు దిద్దడం కష్టమే, నేనూ వందల పత్రాలు దిద్దినవాణ్ణే. ఆ కష్టం ఉపాధ్యాయులు పడగలరు. పుస్తకం వారికి ఆధారం ఇవ్వాలి.

పుస్తకం ఇవ్వవలసిన ఆధారం పెద్దదేమీ కాదు. కొత్త ముద్రణ వచ్చిన ప్రతిసారీ మొదట్లో ఒక పేజీ కేటాయించి, కిందటి ముద్రణ నుంచి ఏ పాఠంలో ఏ వాక్యం, ఏ అంకె, ఏ బొమ్మ మారిందో, తీసేసినవేవో, ఎందుకో పిల్లలకు అర్థమయ్యే మాటల్లో రాయవచ్చు. అది ఉపాధ్యాయులకు చేతిపుస్తకంగా పనికివస్తుంది, తల్లిదండ్రులకు తాము చదివినది ఇప్పుడెలా ఉందో చెబుతుంది. మారే స్వభావం గల ప్రతి అంకె పక్కన అది ఏ సంవత్సరానిదో వేయాలి. జనాభా లెక్కల దగ్గర సంవత్సరం వేసే అలవాటు మన పుస్తకాలకు ఎప్పటినుంచో ఉంది, గాలికీ, ఆకాశానికీ ఆ మర్యాద ఇవ్వకపోవడానికి కారణం కనిపించదు. బోధనా శిక్షణ తరగతుల్లో కొత్త పాఠం ఎలా చెప్పాలన్నదానికి ఇచ్చే సమయంలో కొంత, పాత పాఠంలో ఏది చెప్పడం మానాలన్నదానికి కూడా ఇవ్వాలి. నాలుక బొమ్మ గీయడం మానమని నాకు ఎవరైనా చెప్పి ఉంటే నేను మరికొన్ని ఏళ్ల ముందే మానేసి ఉండేవాణ్ణి.

ఆ బొమ్మను ప్రశ్నించిన అమ్మాయికి ఇప్పుడు నడివయసు వచ్చి ఉంటుంది. ఆమె ఈ పత్రిక చదువుతూ ఉంటే, ఆనాడు ఆమె చేసిన పరీక్ష సరైనదనీ, ఆమె చెప్పిన ఫలితం సరైనదనీ, ఆ మాట ఆ రోజే ఆ తరగతి ముందు నేను చెప్పవలసి ఉండెననీ ఈ ఉత్తరం ద్వారా తెలియజేస్తున్నాను. పాఠ్యపుస్తకాలు రూపొందించేవారు నా మిగతా సూచనలను పరిశీలించడానికి ఎంత సమయం తీసుకున్నా సరే, వచ్చే ముద్రణలో గాలి సంఘటనం పట్టిక కింద, కార్బన్ డయాక్సైడ్ అంకె పక్కన, దాన్ని కొలిచిన సంవత్సరమూ, దానికి ముందరి అంకె ఎంతో కూడా చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు